రెండు వారాలకని ఇచ్చిన నంబరు

ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన ఉద్యోగం ఇతరుల తప్పులు పట్టడం. ఇంట్లో ఇలాంటి మనిషిని ఎవరూ భరించరు. ఆఫీసులో మాత్రం జీతమిచ్చి కూర్చోబెడతారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ అంటే అదే. ప్రోగ్రాము రాసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు రాసి, బ్రహ్మాండంగా పనిచేస్తోందని మురిసిపోయాక, అది ఎక్కడ పనిచేయదో కనిపెట్టి చెప్పడం నా పని.

నా పేరు విజయ. మాది నర్సింహులపేట. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరి అక్కడే రిటైరయ్యాను. మార్కెట్ యార్డులకు, ప్రభుత్వ కార్యాలయాలకు, దవాఖానలకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ అది. ఇప్పుడు జనగామలో, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో, ఒక మేడ మీది రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మతో ఉన్నాను, తర్వాత పనితో ఉన్నాను. ఇప్పుడు రెండూ లేవు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చినవే రెండు, రెండూ ఆలస్యంగా వచ్చాయి. నేను పట్టిన తప్పుల గురించి కూడా పెద్దగా రాయను. నేను చేసిన ఒక తప్పు గురించి, దాచుకున్న ఇంకో తప్పు గురించి రాస్తాను. మీకు పనికొచ్చేది అదే.

యాకూబ్ చెయ్యి

నేను చేరిన కొత్తలో కేసముద్రం మార్కెట్ యార్డుకు ఒక ప్రోగ్రాము చేశాం. గేటు దగ్గర లోపలికి వచ్చే ప్రతి బండి నంబరు, ఊరు, పంట, రైతు పేరు, అన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. మొత్తం పదకొండు గళ్లు నింపితే చీటీ వస్తుంది. హైదరాబాదు ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని ఆ పదకొండు గళ్లూ నేనే కొన్ని వందలసార్లు నింపి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు.

పత్తి సీజనులో వెళ్లి చూసి రమ్మన్నారు మా బాసు ప్రభాకర్ గారు. గేటు దగ్గర గుమస్తా పేరు యాకూబ్. నాకన్నా పదేళ్లు పెద్దవాడు. ప్రోగ్రాము ఎట్లా ఉందని అడిగితే మస్తుగున్నదని చెప్పి, చాయ్ తెప్పించాడు. ఆ మాటే ఫోనులో ప్రభాకర్ గారికి చెప్పాను. మరునాడు పొద్దున బస్సుకు ఇంకా టైముందని గేటు దగ్గరే నిలబడ్డాను. ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. యాకూబ్ బాల్‌పెన్నుతో బండి నంబర్లు తన ఎడమ అరచేతిలో రాసుకుని, ఐదారు బండ్లను ఒకేసారి లోపలికి తోలి, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని చేతిలో చూసి ఎక్కిస్తున్నాడు. మణికట్టు దాకా సిరా.

నిన్న బాగుందన్నారు కదా అని అడిగాను.

"నువ్వు అడిగితె బాగున్నదనే అంట అమ్మా. అంత దూరంకెళ్లి మా తానికొచ్చినవ్. నీ ముంగట బాగలేదని ఎట్లంట?"

మా వైపు మనుషులు ఇంతే. ఇంటికొచ్చిన మనిషి తెచ్చింది ఏదైనా మంచిగున్నదనే అంటారు. అది మర్యాద. ఆ మర్యాదను నమ్మి సాఫ్ట్‌వేర్ చేస్తే మునిగిపోతాం. యాకూబ్ అరచేతి గురించి చెప్పగానే ప్రభాకర్ గారు పదకొండు గళ్లలో ఎనిమిది తీసేయించారు. రెండు రోజుల్లో కొత్త తెర యార్డుకు వెళ్లింది. అప్పట్లో ఈ రకం పనికి ఇంగ్లీషు పేరేదీ మాకు తెలియదు.

అడగొద్దు, చేతులు చూడు. ఆ రోజు నేర్చుకున్నది ఇదే. నేర్చుకున్నానని చాలా ఏళ్లు అనుకున్నాను కూడా.

పసుపు చీటీలు

పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో గడిచాక మా ఆఫీసుకు ఎజైల్ అనే కొత్త పద్ధతి వచ్చింది. నేర్పడానికి ఒక కోచ్ వచ్చాడు. చాలా ఉత్సాహవంతుడు, గోడనిండా పసుపు చీటీలు అంటించాడు. పద్ధతి చెడ్డది కాదు. ఏడాదిపాటు ఎవరికీ చూపించకుండా ఒక పెద్ద ప్రోగ్రాము రాసి, చివర్లో అది ఎవరికీ పనికిరాదని తెలుసుకునే కన్నా, రెండు వారాలకు ఒక ముక్క చేసి వాడేవాళ్లకు చూపించి దిద్దుకోవడం మేలు. ఆ రెండు వారాలను స్ప్రింట్ అంటారు. చేయాల్సిన పని ఒక చీటీ మీద రాసి గోడకు ఎడమ చివర అంటిస్తారు. చేస్తుంటే మధ్యలోకి వస్తుంది. అయిపోతే కుడివైపుకు జరిపి అందరూ చప్పట్లు కొడతారు. ఇప్పుడే చేయలేని పనులన్నీ బ్యాక్‌లాగ్ అనే మూలకు పోతాయి. మా ఇంట్లో పాత సామాను వేసే అటక ఉండేది. అలాంటిదే.

రోజూ పొద్దున అందరూ నిలబడి మీటింగు పెట్టుకునేవాళ్లు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు అని తలా ఒక నిమిషం చెప్పాలి. నేను రెండు ముక్కల్లో ముగించేదాన్ని. నేను చేరిన కొత్తలో నా మాట విని నవ్వేవాళ్లు. నేను పోయినం అంటే ఒకాయన సాగదీసి పోయినం అని మళ్లీ అనేవాడు. సినిమాల్లో నేర్చుకున్న వేళాకోళం అది. అప్పటినుంచి ఆఫీసులో పుస్తకం భాష మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. పుస్తకం భాషలో మాట్లాడితే ఎవరూ నవ్వరు, కానీ ఎక్కువసేపు మాట్లాడాలనీ అనిపించదు. ఇరవై మంది ఉన్న గదిలో ఏళ్లకేళ్లు అలా గడిచిపోయాయి. ఇది ఫిర్యాదు కాదు. ఎట్లా ఉండేదో చెబుతున్నాను.

ఎజైల్ మీద నాకున్న ఒకే ఒక్క గొడవ ఆ కుడివైపు గడితో. చీటీ అక్కడికి చేరితే పని అయిపోయినట్టే. ఎవరి పని, ఎక్కడ అయిపోయింది అని అడిగే చోటు గోడ మీద లేదు.

సమ్మక్క నోటుబుక్కు

ఆ రోజుల్లోనే గర్భిణుల కోసం ఒక ప్రోగ్రాము చేశాం. ఊళ్లలో సబ్ సెంటర్లో ఉండే నర్సమ్మ, తన ఊళ్లోని గర్భిణుల పేర్లు ట్యాబ్‌లో ఎక్కించాలి. ఎవరికి ఏ తారీఖున పరీక్ష ఉందో ప్రోగ్రామే లెక్కవేసి, ఆ గర్భిణి ఫోనుకు మెసేజ్ పంపుతుంది. ట్యాబ్‌లో ఆ తారీఖు కనబడదు. ఈ ఆలోచనకు ఇన్నొవేషన్ కింద బహుమతి కూడా వచ్చింది.

మొదటిసారి చూపించడానికి భూపాలపల్లి దాటి, మహదేవపూర్ మండలంలో గోదావరి వైపు ఒక ఊరికి వెళ్లాను. అక్కడి నర్సు పేరు సమ్మక్క. నాకన్నా నాలుగేళ్లు చిన్నది. భర్త పోయాడు. సబ్ సెంటర్ వెనకే చిన్న క్వార్టర్లో ఒక్కతే ఉండేది. ఆమె దగ్గర అట్ట ఊడిపోయిన ఒక నోటుబుక్కు ఉంది. అందులో ప్రతి ఇంటి గర్భిణి పేరు, తారీఖులు, బీపీ, ఎవరికి ఏ మందు పడదో, అన్నీ తన చేత్తో రాసుకుంది. ట్యాబ్‌లో ఎక్కించాక మళ్లీ నోటుబుక్కులోనూ రాస్తోంది. ఒక పనిని రెండుసార్లు చేయడం చూస్తే నాకు చిరాకు. ఇకమీదట ఆ నోటుబుక్కు అవసరం లేదని, తారీఖులన్నీ వాళ్లకు ఫోనే గుర్తు చేస్తుందని గట్టిగా చెప్పాను. ప్రోగ్రాము బాగుందా అని అడిగాను.

"మంచిగున్నది మేడమ్," అన్నది.

నాకు అప్పుడు యాకూబ్ గుర్తుకురావాలి. బస్సు టైము గుర్తుకొచ్చింది. ఆమె పేర్లు ఎక్కించేటప్పుడు ఫోను నంబరు గడిలో ఏం నింపుతోందో చూడకుండా వచ్చేశాను.

నేను పట్టిన తప్పు

కొన్ని నెలల్లోనే అన్ని సబ్ సెంటర్లలోకీ సమ్మక్కది ముందుకొచ్చింది. ఆమె ఊళ్లో తారీఖు తప్పిన గర్భిణి దాదాపు లేదు. మెసేజీలు ఎంత బాగా పనిచేస్తున్నాయో చూడండి అని ప్రభాకర్ గారు అధికారులకు ఆ ఊరినే చూపించేవారు.

మరీ బాగా పనిచేసేదాన్ని టెస్టర్ నమ్మదు. ఆ ఊరి పేర్లన్నీ తీసి చూశాను. చాలా పేర్ల పక్కన ఒకే ఫోను నంబరు ఉంది. నర్సమ్మ బద్ధకించి చేతికొచ్చిన నంబరు కొట్టేసిందని అనుకున్నాను. ఒకే నంబరు ఎంతమందికైనా పడుతోందని తప్పు రాసి, పసుపు చీటీ గోడకు అంటించాను. ఆ స్ప్రింట్‌లోనే కుర్రాళ్లు దాన్ని సరిచేశారు. ఒక నంబరు ఒక్కరికే. మొదట ఎక్కిన పేరు పక్కన ఉంచి, మిగతా అన్నిచోట్లా నంబరు చెరిపేశారు. ట్యాబ్ వాడే నర్సుల నంబర్లనైతే గర్భిణుల గడిలోంచి మొత్తం తీసేసి, మళ్లీ పడకుండా అడ్డుకట్ట వేశారు. చీటీ కుడివైపుకు జరిగింది. నాకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

ఆ నంబరుకు నేను ఒక్కసారి ఫోను చేసి ఉంటే సమ్మక్క ఎత్తేది. చేయలేదు. పిల్లలూ, ఈ ఒక్క వాక్యం కోసమే మిగతాదంతా రాస్తున్నాను.

మూడో వారంలో ఆమే నాకు చేసింది. మెసేజీలు రావడం లేదని హెల్ప్‌లైన్‌కు చెబితే ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చి ఆగమన్నారట. ఏ మెసేజీలు అని అడిగాను. అప్పుడు చెప్పింది. ఆ ఊళ్లో చాలామంది ఆడవాళ్లకు ఫోను లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను భర్త దగ్గర, భర్త పత్తి చేలోనో గోదావరి అవతల పనిలోనో. అందుకని అందరి పేర్ల పక్కనా ఆమె తన నంబరే వేసింది. రోజూ మెసేజ్ చూసుకుని, ఆ రోజు తారీఖు ఉన్న ఇళ్లకు నడిచి వెళ్లి, వాళ్లను వెంట తీసుకొచ్చి పరీక్ష చేసేది. మేం బహుమతి తీసుకున్న ఇన్నొవేషన్ ఆమె కాళ్లు.

"మొదట్ల ఈ వారం ఎవ్వరిది లేదేమో అనుకున్న మేడమ్. మీరు పుస్తకం బంద్ చేయమంటిరి గద, బంద్ చేసిన. ఇప్పుడు ఎవరిది ఎన్నడో నాకు తెలుస్తలేదు."

ఈ లోపల ఏమైనా అయిందా అని అడిగాను. అయిందని చెప్పింది. సరిత అనే అమ్మాయికి ఏడో నెల. పరీక్ష తారీఖు దాటిపోయింది. బీపీ పెరిగి ఫిట్స్ వస్తే భూపాలపల్లి పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

"బీపీ చూసుంటె దొరికేదేమో. దొరకకపోయేదేమో. చూడనే లేదు గద మేడమ్, ఏమని చెప్త."

ఫోను పెట్టేశాక నా సీట్లోనే కూర్చున్నాను. పక్కన ఎవరిదో పుట్టినరోజు కేకు కోస్తున్నారు. ఒక ముక్క నాకూ ఇచ్చారు. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెబితే అర్థమయ్యే మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరని ఆ రోజు స్పష్టంగా తెలిసింది.

నా నంబరు

ప్రభాకర్ గారితో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, విన్నాక చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. ఫోను లేదు అని ఒక గడి పెట్టి, అలాంటివాళ్ల మెసేజ్ నర్సుకే వెళ్లేలా మార్చాలని ఒప్పుకున్నారు. కానీ తెర మార్చాలంటే అధికారుల అనుమతి కావాలి, ఈ స్ప్రింట్ నిండిపోయింది, వచ్చే స్ప్రింట్‌లో పెడదాం అన్నారు. స్ప్రింట్ చివర ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని మాట్లాడుకునే మీటింగ్‌లో ఒక చీటీ మీద నేను ఈ సంగతంతా చిన్న అక్షరాలతో రాసి అంటించాను. కోచ్ చదివాడు, మొహం పాలిపోయింది. తర్వాత ఏం చేయాలో తెలియక దాన్ని సమాచార లోపం అనే వరుసలో పెట్టాడు. ఆ వరుసలో అప్పటికే కాఫీ మిషన్ గురించి ఒక చీటీ ఉంది.

అప్పుడు నాకు ఒకటి తట్టింది. ప్రోగ్రామును పరీక్షించడానికి నేను నా సొంత ఫోను నంబరే వాడేదాన్ని. రోజుకు యాభైసార్లు అదే నంబరు కొట్టాలి కాబట్టి, కుర్రాళ్లు కొత్త నిబంధన నుంచి నా నంబరుకు మినహాయింపు ఇచ్చారు. ఆ ప్రోగ్రాములో ఎంతమందికైనా పడే నంబరు నాదొక్కటే. సమ్మక్కకు ఫోను చేసి, ఫోను లేనివాళ్లందరికీ నా నంబరు వెయ్యమన్నాను. మెసేజ్ నాకు రాగానే నేను ఆమెకు చెబుతాను.

"రెండు వారాలే సమ్మక్కా. తర్వాత మంచిగైతది."

ఆ మాట నా నోటినుంచి మా ఊరి భాషలో వచ్చింది. ఆఫీసు ఫోనులో అలా మాట్లాడటం అదే మొదలు.

"మంచిది అక్కా," అన్నది. అంతదాకా మేడమ్ అనేది.

ఆ మెసేజీలు రోజూ పొద్దున తొమ్మిదింటికి వచ్చేవి. ఆ ఊళ్లో సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గరే దొరుకుతుంది. ఆమె తొమ్మిదింటికి అక్కడికి వచ్చి నిలబడేది. నేను పేర్లు చదివేదాన్ని. ఆమె ఒక్కో పేరుకు ఊ కొట్టేది. పేర్లు అయిపోయాక ఒకటి రెండు నిమిషాలు వాన గురించి, ఆమె మోకాలి నొప్పి గురించి, మిరప చేలలో కూలీలు దొరక్కపోవడం గురించి మాట్లాడుకునేవాళ్లం. తర్వాత నేను నిలబడే మీటింగుకు పోయి నా రెండు ముక్కలు చెప్పేదాన్ని.

రెండు వారాలు ఏళ్లయ్యాయి. నా చీటీ బ్యాక్‌లాగ్ మూలలో రంగు వెలిసింది. ప్రతి స్ప్రింట్‌లోనూ దానికన్నా ముఖ్యమైనది ఏదో వచ్చేది. ఎక్కువగా అధికారుల కోసం రంగురంగుల పటాలు. తప్పంతా వాళ్ల మీద వేయడం నాకు సులభం, కానీ నిజం ఇంకోటి కూడా ఉంది. మొదటి ఏడాది ఆ చీటీ గురించి ప్రతి మీటింగులో పోట్లాడాను. రెండో ఏడాది అప్పుడప్పుడు గుర్తుచేశాను. తర్వాత అడగడమే మానేశాను. పొద్దున తొమ్మిదింటికి నన్ను అక్కా అని పిలిచే గొంతు ఒకటి ఉంది. చీటీ కుడివైపుకు జరిగితే ఆ గొంతు ఆగిపోతుంది. నేను ఒక తప్పును పట్టుకుని దాచుకున్న టెస్టర్‌ని. ఎవరెవరి ఇంటి ఆడవాళ్ల సంగతులో నా సొంత ఫోనుకు రావడం ఎంతమాత్రం పద్ధతి కాదని నాకు తెలుసు. తెలిసే ఉండనిచ్చాను.

ఒకసారి మెసేజీలో సరిత పేరు వచ్చింది. మళ్లీ నెల తప్పింది. ఆ పేరు అన్నిటికన్నా చివర చదివాను.

"సరిత తానికా? ఆశమ్మను పంపుత," అన్నది సమ్మక్క. ఆశమ్మ అంటే ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త. మిగతా అందరి ఇళ్లకూ తనే పోయేది. సరిత పేరు వచ్చిన ప్రతిసారీ ఆశమ్మను పంపుత అనే అనేది. నేను పట్టించుకోలేదు. ఆ ఏడాది సరితకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారని సమ్మక్క చెబితే, ఆ రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఊరికి రమ్మని సమ్మక్క చాలాసార్లు పిలిచింది. అక్కడికి వస్తే సిగ్నల్ ఉండదు, పొద్దున మెసేజీలు ఎవరు చూస్తారు అని తప్పించుకునేదాన్ని. సరిత ఎదురుపడుతుందేమోనని నా భయం.

తొమ్మిది గంటలు

రిటైరై జనగామకు వచ్చాక కూడా మెసేజీలు వచ్చాయి. ఉద్యోగం పోయింది కానీ తొమ్మిది గంటలు మిగిలింది. తొమ్మిదిలోపు స్నానం చేసి, చాయ్ తాగి, కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. పేర్లు చదివేశాక రోజంతా ఖాళీ. కూరగాయలకు పోతే పోయినట్టు, లేకపోతే లేదు. కింది వాటా వాళ్లు మంచివాళ్లే, కనబడితే నవ్వుతారు. కొన్ని రోజులు సమ్మక్కతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదని పడుకునేటప్పుడు గుర్తొచ్చేది.

ఈ మధ్య ఒక రోజు తొమ్మిదైనా మెసేజ్ రాలేదు. మరునాడూ రాలేదు. ఫోను పాడైందేమోనని బజారులో దుకాణానికి తీసుకుపోయి చూపించాను. అతను తన ఫోనునుంచి ఒకటి పంపి, వస్తోంది కదా అమ్మా అన్నాడు.

అప్పుడు శ్రావ్యకు ఫోను చేశాను. నేను పని నేర్పిన అమ్మాయి, నా సీట్లో ఇప్పుడు తనే ఉంది. మీకు చెబుదామనే అనుకుంటున్నాను మేడమ్ అని సంబరంగా మొదలుపెట్టింది. గోడ శుభ్రం చేస్తుంటే నా చేతిరాతతో ఉన్న పాత చీటీ దొరికిందట. చదివి, అధికారుల వెంటపడి అనుమతి తెచ్చి, ఆ స్ప్రింట్‌లోనే చేయించింది. ఇప్పుడు ఫోను లేనివాళ్ల మెసేజ్ నేరుగా నర్సు ట్యాబ్‌కే పోతుంది, సబ్ సెంటర్లో నెట్ కూడా పెట్టించారు. నా నంబరు అన్నిచోట్లా తీసేశారు. ఇన్నేళ్లు మీకు ఎంత ఇబ్బంది మేడమ్ అన్నది.

నేను ఇన్నేళ్లలో చేయనిది ఆ పిల్ల రెండు వారాల్లో చేసింది. మంచి పని చేశావమ్మా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఫోను పెట్టేశాక గది చాలా పెద్దదిగా అనిపించింది.

చేసిన మార్పు పనిచేస్తోందో లేదో చూడాలి కదా. ఆ సాకుతో సమ్మక్కకు చేశాను. కలవలేదు. నీళ్ల ట్యాంకు దగ్గరికి రావాల్సిన పని ఆమెకు ఇప్పుడు లేదు. మూడో రోజు తనే చేసింది.

"వస్తున్నయక్కా, మంచిగ వస్తున్నయ్. ఇయ్యాల నలుగురున్నరు. చదువుతా, ఇంటవా?"

వినాలని ప్రాణం కొట్టుకుంది. వద్దన్నాను. ఆ పేర్లు నాకు చెందవు. దిద్దిన తప్పుకు పక్కనుంచి ఇంకో దారి పెట్టుకుంటే దిద్దినట్టు కాదు. ఈ మాట ఎంతోమందికి నేర్పాను, నేనూ పాటించాలి కదా.

నెలాఖరుకు తన ఉద్యోగం కూడా అయిపోతుందని, ఈ లోపల ఒక్కసారైనా రమ్మని అన్నది. ఈసారి సిగ్నల్ సాకు లేదు.

సరిత వాకిలి

జనగామలో పొద్దున్నే బస్సెక్కి, హనుమకొండలో మారి, భూపాలపల్లిలో మళ్లీ మారి, ఆ ఊళ్లో దిగేసరికి మధ్యాహ్నమైంది. సమ్మక్క జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి ముందు మోకాలు పట్టుకుని లేచింది, తర్వాత నవ్వింది. అన్నం పెట్టింది. తిన్నాక, సరిత ఇంటికి పోదామన్నాను.

"గాడికెందుకక్కా. పనికి పోయుంటది," అన్నది. చూసి వద్దామని నేనే లేచాను.

సరిత ఇంట్లోనే ఉంది. వాకిట్లో ఐదేళ్ల పిల్ల గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది. నేను తడక తీసి లోపలికి పోయాను. వెనక్కి చూస్తే సమ్మక్క తడక బయటే ఆగిపోయింది. ఎండ తీక్షణంగా ఉంది. సరిత నాకు కుర్చీ వేసి, ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చింది. బయటి మనిషి వైపు చూడలేదు.

నేను ఎవరినో చెప్పాను. ఆ నెల మెసేజీలు ఆగిపోయింది నా వల్ల అని చెప్పాను. ఒకే నంబరు, నిబంధన, చెరిపేయడం, అన్నీ నాకు చేతనైనంత వివరంగా చెప్పాను. ఇంటికొచ్చిన మనిషి మాట వినాలి కాబట్టి విన్నది.

"గా మెసేజుల ముచ్చట నాకు సమజ్ కాదమ్మా. గా నెల సమ్మక్క మా ఇంటికి రాలె. గదొక్కటే నాకు ఎర్క."

సమ్మక్క మిరప చేను వైపు చూస్తూ నిలబడి ఉంది. ఇన్నేళ్లుగా రోజూ ఫోనులో మాట్లాడింది. ఈ ఒక్క ముచ్చట చెప్పలేదు. ఆశమ్మను ఎందుకు పంపేదో అప్పుడు అర్థమైంది. నా తప్పుకు ఈ ఊళ్లో ఒక మొహం కావాల్సి వచ్చింది. అది ఆమెదైంది.

పుస్తకం భాషంతా వదిలేశాను.

"ఎవరింటికి ఎన్నడు పోవాల్నో ఆమె ఒక పుస్తకంల రాసుకునేది బిడ్డా. గది నేను బంద్ చేయించిన. దానికి బదులు ఫోనుకు వచ్చేటట్టు చేసిన. ఆ ఫోనుకు వచ్చేది గూడ నేనే బంద్ చేసిన. ఆమెకు ఏం తెల్వది. ఆమె రాకపోవుడు నా తప్పు."

సరిత చాలాసేపు నన్ను చూసింది. పిల్ల చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, మళ్లీ దానికే ఇచ్చి, లోపలికి వెళ్లింది. ఇక బయటికి రాదనుకుని లేచాను. ఇంకో గ్లాసుతో వచ్చింది. నన్ను దాటుకుని తడక దాకా నడిచి, సమ్మక్కకు నీళ్లు ఇచ్చింది. సమ్మక్క రెండు చేతులతో పట్టుకుని తాగింది.

బస్సు కోసం నడుస్తుంటే, ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. మోకాలు నొప్పి పెడుతోందేమో, ఆగింది.

"చెప్తె నువ్వు బాధపడి ఫోన్ చేసుడు ఇడిసిపెడ్తవనుకున్న అక్కా," అన్నది. "పొద్దున తొమ్మిదింటికి నాకు గూడ ఎవ్వరున్నరు."